ఏడుగురు పాఠకులు

కథ రాయడం ఒక ఎత్తు. రాసిన కథను ఇంకొకరి చేతిలో పెట్టడం మరొక ఎత్తు. రాసేటప్పుడు గది తలుపు మూసుకోవచ్చు. ఎవరికీ చూపనక్కరలేదు. ఇంకొకరికి ఇచ్చిన తరువాత మాత్రం ఆ కథపై మన అధికారం పోతుంది. చదివినవారు మెచ్చవచ్చు, తప్పులు పట్టవచ్చు, సగంలోనే పక్కన పెట్టవచ్చు. భయం గొలిపే కథకు ఈ చిక్కు మరీ ఎక్కువ. హాస్యకథ నవ్వు పుట్టించకపోతే చదివినవాడు ఊరుకొంటాడు. దయ్యం కథ భయం పుట్టించకపోతే చదివినవాడు నవ్వుతాడు. ఆ నవ్వుకు జంకి తమ కథలను పెట్టె అడుగున దాచుకొన్నవారు, చింపి పారవేసినవారు ఎందరో ఉంటారు.

అలా తన కథలను తానే నాశనం చేసుకొని, తొమ్మిదేళ్లపాటు కథ జోలికి పోని యువకుడొకడు అమెరికాలో ఉండేవాడు. అతని పేరు హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్. ఈనాడు ఇంగ్లీషులో భయానక కథలు రాసేవారిలో అతని ప్రభావం సోకనివారు తక్కువ. అటువంటివాని చేత మళ్లీ కలం పట్టించినది పేరు మోసిన పత్రిక కాదు, పెద్ద ప్రచురణ సంస్థ కాదు. ఒక చిన్న పట్టణంలో అచ్చుపని చేసుకొనే మనిషి తన సరదా కొద్దీ తీసిన చిన్న పత్రిక.

లవ్‌క్రాఫ్ట్ 1890 ఆగస్టు 20న రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో పుట్టాడు. అతనికి మూడేళ్లు నిండకముందే తండ్రికి మతి చలించింది. ఆయనను ఆసుపత్రిలో చేర్చారు. అయిదేళ్ల తరువాత ఆయన అక్కడే కన్నుమూశాడు. పిల్లవాడు తల్లితోపాటు మాతామహుని ఇంట పెరిగాడు. ఆ తాతగారు కథలు చెప్పడంలో దిట్ట. పాడుబడిన కోటలు, చీకటి అడవులు, అంతుచిక్కని గుహలు కల్పించి మనుమడికి చెప్పేవాడు. మనుమడికి చీకటంటే భయమని తెలిసి, దీపం లేని గదుల వరుసలో అతనిని ఒంటరిగా నడిపించి ఆ భయం పోగొట్టాడు. మెలకువలోని భయం పోయింది గాని కలలోని భయం పోలేదు. 1896లో అమ్మమ్మ మరణించింది. ఇంటిలోని స్త్రీలు సంతాప సూచకంగా నల్లని దుస్తులు ధరించారు. ఆ దినాలలో ముఖం లేని నల్లని రెక్కల జీవులు తనను పట్టి ఆకాశంలోకి ఎత్తుకొనిపోతున్నట్లు ఆ బాలునికి కలలు వచ్చేవి. ఆ కలలను అతడు పెద్దయిన తరువాత కూడా మరచిపోలేదు.

అచ్చుకాగితం మీద మోజు కూడా అతనికి చిన్ననాడే పుట్టింది. తొమ్మిదేళ్లు నిండకముందే విజ్ఞానశాస్త్ర విషయాలతో ఒక చేతిరాత పత్రిక మొదలుపెట్టాడు. పన్నెండేళ్లు దాటాక ఖగోళశాస్త్రం మీద మరొకటి తీశాడు. వీటికి ప్రతులు తీయడానికి హెక్టోగ్రాఫ్ అనే సాధనం వాడేవాడు. వెడల్పయిన పళ్లెంలో జిలాటిన్‌ను ముద్దగా పేరబెడతారు. ప్రత్యేకమైన సిరాతో రాసిన కాగితాన్ని దానిపై బోర్లిస్తే అక్షరాలు ఆ ముద్దకు అంటుకొంటాయి. తరువాత తెల్లకాగితాలను ఒకదాని తరువాత ఒకటి దానిమీద అద్ది తీస్తే కొన్ని పదుల ప్రతులు వస్తాయి. ప్రతి కాగితానికీ అక్షరం కొంత పలచబడుతుంది. అయితేనేమి? ఇంటివారూ ఇరుగుపొరుగువారూ తన రాతను చదువుతున్నారంటే ఆ పిల్లవానికి అంతకన్న ఏమి కావాలి!

1904లో తాతగారు మరణించారు. కుటుంబ ఆస్తి కరగిపోయింది. పుట్టిపెరిగిన పెద్ద ఇల్లు చేయిజారింది. తల్లీ కొడుకూ అదే వీథిలో ఒక చిన్న ఇంటి భాగానికి మారారు. ఖగోళ శాస్త్రజ్ఞుడు కావాలని అతనికి కోరిక. కాని ఆ శాస్త్రానికి అవసరమైన గణితం అతనికి కొరుకుడు పడలేదు. 1908లో నరాల జబ్బు చేసింది. ఉన్నత పాఠశాల చదువు పూర్తి కాకుండానే ఆగిపోయింది. విశ్వవిద్యాలయానికి వెళ్లే ఆశ అంతటితో ముగిసింది. ఆ సంవత్సరమే అతడు అంతవరకు రాసిన కథలన్నీ తీసి చదువుకొన్నాడు. ఒక్కటీ నచ్చలేదు. రెండింటిని మాత్రం ఉంచి తక్కినవన్నీ నాశనం చేశాడు. మిగిలిన రెండు కథలు ‘గుహలోని మృగం’, ‘రసవాది’. ఆ తరువాత అయిదేళ్లు అతడు దాదాపు అజ్ఞాతవాసమే చేశాడు. తోటివారు చదువులు ముగించి, ఉద్యోగాలలో చేరి, సంసారాలు చేసుకొంటున్నారు. అతడు మాత్రం ఇల్లు కదలలేదు.

1913లో చిత్రంగా ఒక కిటికీ తెరుచుకొంది. ‘ఆర్గసీ’ అనే జనాదరణ గల పత్రికను అతడు చదువుతుండేవాడు. అందులో ఒక రచయిత రాసే ప్రేమకథలు అతనికి బొత్తిగా నచ్చలేదు. వాటిని దుయ్యబడుతూ సంపాదకునికి లేఖ రాశాడు. ఆ లేఖ అచ్చయింది. ఆ రచయిత అభిమానులు ఊరుకొంటారా? జవాబులు వెల్లువెత్తాయి. లవ్‌క్రాఫ్ట్ పద్యాలలో బదులిచ్చాడు. ఎదుటివారూ పద్యాలందుకొన్నారు. ఈ వాదం నెలల తరబడి సాగింది. దూరం నుండి దీనిని గమనించిన ఎడ్వర్డ్ డాస్ అనే వ్యక్తి, ఇంత పట్టుదలగా రాసే మనిషి తమ సంఘంలో ఉండాలని తలచి ఆహ్వానం పంపాడు. 1914 ఏప్రిల్‌లో లవ్‌క్రాఫ్ట్ ఆ సంఘంలో చేరాడు.

ఆ సంఘం పేరు యునైటెడ్ అమెచ్యూర్ ప్రెస్ అసోసియేషన్. 1895లో స్థాపించారు. దానికి ముందు 1876లోనే ఇటువంటి జాతీయ సంఘం మరొకటి ఏర్పడింది. సభ్యులు దేశమంతటా చెదిరి ఉండేవారు. వారిలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, గృహిణులు, అచ్చుపనివారు ఉండేవారు. ఓపిక ఉన్నవారు చిన్న ముద్రణ యంత్రం కొనుక్కొని సొంత పత్రిక వేసుకొనేవారు. గళ్ల పెట్టెలోని సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, తలకిందులుగా పేర్చి, సిరా పూసి, కాగితం ఒత్తేవారు. అచ్చు పూర్తయ్యాక ఆ అక్షరాలన్నింటినీ మళ్లీ వాటి వాటి గళ్లలో వేయాలి. నాలుగు పుటల పత్రికకు ఎన్నో సాయంత్రాలు ఖర్చయ్యేవి. అచ్చయిన ప్రతులను తపాలాలో తోటి సభ్యులకు పంపేవారు. వెల లేదు. రచయితకు పారితోషికం లేదు. సంపాదకునికి లాభం లేదు సరికదా, కాగితం ఖర్చు, తపాలా బిళ్లల ఖర్చు అతనివే. ప్రతిఫలంగా దొరికేది ఒక్కటే. ఒక పత్రిక పంపితే నాలుగు పత్రికలు వచ్చేవి, నాలుగు ఉత్తరాలు వచ్చేవి.

సంఘంలో చేరిన మరుసటి సంవత్సరమే లవ్‌క్రాఫ్ట్ ‘కన్సర్వేటివ్’ అనే సొంత పత్రిక మొదలుపెట్టాడు. 1915 ఏప్రిల్ నుండి 1923 జూలై వరకు దానికి 13 సంచికలు వచ్చాయి. చిన్నపత్రికలో అడ్డుచెప్పే యజమాని ఉండడు. అది మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. లవ్‌క్రాఫ్ట్‌కు తన జాతి గొప్పదనే దురహంకారం ఉండేది. ఇతర జాతులవారిని, వలస వచ్చినవారిని కించపరిచే రాతలు ఆ పత్రికలో వెలువడ్డాయి. కాని ఆ సంఘంలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పత్రిక ఉన్నది. చార్లెస్ ఐజక్‌సన్ అనే యూదు యువకుడు 1915లోనే తన పత్రికలో ఆ రాతలను గట్టిగా ఖండించాడు. జేమ్స్ మోర్టన్ అనే మరొక సభ్యుడు కూడా ఎదురు నిలిచాడు. ఆ మోర్టనే తరువాత లవ్‌క్రాఫ్ట్‌కు ఆప్తమిత్రుడయ్యాడు. ఆ దురభిమానం లవ్‌క్రాఫ్ట్‌ను చివరివరకు పూర్తిగా వదలలేదు. ఆయన కథలను మెచ్చేవారు కూడా ఈ మచ్చను మరవరాదు.

మొదటి మూడేళ్లు ఆయన రాసినవన్నీ పద్యాలు, వ్యాసాలు, విమర్శలు. కథ మాత్రం రాయలేదు. దాచిపెట్టిన పాత కథ ‘రసవాది’ని 1916 నవంబరులో సంఘం పత్రికలో అచ్చువేయడానికి ఇచ్చాడు. ఒక శాపం తగిలిన వంశంలో ప్రతి తరంలోని వారసుడూ 32 ఏళ్ల వయసుకే చనిపోవడం ఆ కథలోని విషయం. కుర్రతనంలో రాసిన కథ అది. శైలి బరువుగా ఉంటుంది. చాలామంది చదివి ఊరుకొని ఉంటారు.

పాల్ కుక్ మాత్రం ఊరుకోలేదు. ఆయన మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఏథోల్ అనే చిన్న పట్టణంలో ఉండేవాడు. వృత్తి అచ్చుపని. పగలంతా అక్షరాల మధ్య పనిచేసి, తీరిక వేళలో ‘వేగ్రంట్’ అనే సొంత పత్రిక వేసేవాడు. ఆ మాటకు దేశదిమ్మరి అని అర్థం. భయానక సాహిత్యమంటే ఆయనకు ప్రాణం. లవ్‌క్రాఫ్ట్ పద్యాల కన్న కథలలోనే అసలు బలం ఉన్నదని ఆయన పసిగట్టాడు. మళ్లీ కథలు రాయవలసిందని పట్టుబట్టాడు. ఆ ప్రోత్సాహం వల్లనే తాను కథారచనకు తిరిగి వచ్చానని లవ్‌క్రాఫ్ట్ తరువాత చెప్పుకొన్నాడు.

1917 జూన్‌లో ఆయన ‘సమాధి’ అనే కథ రాశాడు. తొమ్మిదేళ్ల తరువాత రాసిన మొదటి కథ అది. మరుసటి నెలలోనే ‘డేగన్’ రాశాడు. డేగన్ అంటే ప్రాచీన ఫిలిస్తీనులు కొలిచిన దేవుని పేరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శత్రునౌకకు చిక్కిన నావికుడొకడు చిన్న పడవలో తప్పించుకొంటాడు. దిక్కు తెలియని సముద్రంలో ఎన్నో దినాలు తేలుతాడు. ఒకనాడు నిద్ర లేచేసరికి చుట్టూ నీరు లేదు. కనుచూపు మేర నల్లని జిగురుబురద. సముద్రగర్భమే పైకి లేచినట్లున్నది. చచ్చిన చేపల కంపు. గాలి ఆడదు, శబ్దం లేదు. ఆ బురద ఆరిన తరువాత నడిచి నడిచి ఒక లోయ చేరుకొంటాడు. అక్కడ వెన్నెలలో, మనుషులు చెక్కని శిల్పాలతో ఒక మహాశిల కనబడుతుంది. తరువాత నీటిలోనుండి ఏదో పైకి లేస్తుంది. కథ పొట్టిది, ఒక్క కూర్చోటులో చదవవచ్చు. దయ్యాలు లేవు, గొలుసుల చప్పుళ్లు లేవు. మనిషికి తెలియనిది ఈ భూమిమీదనే చాలా ఉన్నదన్న ఊహ ఒక్కటే ఆ భయానికి మూలం.

కథ రాయగానే అచ్చుకాలేదు. చిన్నపత్రికల నడక సంపాదకుని తీరికను బట్టి, చేతిలోని పైకమును బట్టి ఉంటుంది. కుక్ ముందుగా 1918 జూన్ సంచికలో పాత కథ ‘గుహలోని మృగం’ వేశాడు. ‘డేగన్’ 1919 నవంబరు సంచికలో గాని వెలుగు చూడలేదు. అప్పటికి ఆ కథ రాసి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లలో ఇంటి పరిస్థితి మరింత దిగజారింది. ఆ సంవత్సరం మార్చిలో తల్లి కూడా, వెనుక తండ్రి చనిపోయిన ఆసుపత్రిలోనే చేరవలసి వచ్చింది. అటువంటి దినాలలో వేగ్రంట్ సంచిక వచ్చింది. కథతోపాటు కుక్ తానే రాసిన ప్రశంసావ్యాసం కూడా అందులో ఉన్నది. లవ్‌క్రాఫ్ట్ కథలను గురించి వెలువడిన మొదటి విమర్శ అదే. కథకుడుగా లవ్‌క్రాఫ్ట్‌ను ఎవరూ ఎరుగని కాలంలో, ఒక అచ్చుపనివాడు తన పత్రికలో తన పేరుతో ఈ మనిషి గొప్ప కథకుడని చాటాడు.

అచ్చయిన కథకు పాఠకులు దొరికారు. పాఠకులతోపాటు ప్రశ్నలూ వచ్చాయి. ఆ రోజులలో ఇంగ్లాండులోను, అమెరికాలోను ఉన్న కొందరు ఔత్సాహిక రచయితలు తమ రచనలను తపాలాలో ఒకరినుండి ఒకరికి పంపుకొని అభిప్రాయాలు రాసుకొనేవారు. ‘డేగన్’ కూడా అలా సముద్రం దాటింది. సగం శరీరం బురదలో కూరుకొన్న మనిషి పాకుతూ ముందుకు ఎలా పోగలడని ఒకరికి సందేహం కలిగింది. చిన్న సందేహమే. కాని ఆ కథను ఒకరు ఎంత శ్రద్ధగా చదివారో ఆ ప్రశ్నే చెబుతుంది. ఆ పాకడమంతా తాను కలలో అనుభవించానని, బురద తనను లోపలికి పీల్చడం ఇంకా ఒంటికి తెలుస్తూనే ఉన్నదని లవ్‌క్రాఫ్ట్ బదులు రాశాడు. చిన్ననాటి పీడకలలు ఇన్నాళ్లకు ఇంకొకరితో మాట్లాడే విషయాలయ్యాయి.

1921లో రాసిన ఆ జవాబులలోనే ఆయన మరొక మాట అన్నాడు. తన రచనలను నిజంగా ఇష్టపడేవారు మొత్తం మీద ఏడుగురు ఉంటారేమోనని, ఆ ఏడుగురు తనకు చాలునని ఆయన మాట. అంతటితో ఆగక, చదివేవాడు తానొక్కడే అయినా రాస్తూనే ఉంటానని కూడా చెప్పుకొన్నాడు. మొదటి మాట నిజం. రెండవ మాట మాత్రం ఆయన జీవితంతో పొసగదు. 1908 నుండి 1917 వరకు చాలాకాలం ఆయన కథలకు పాఠకుడు దాదాపు ఆయన ఒక్కడే. ఆ తొమ్మిదేళ్లలో ఆయన ఒక్క కథ కూడా రాయలేదు. ఉన్న కథలను కూడా ఆ ఒంటరి పాఠకుడు బతకనివ్వలేదు. కుక్ వచ్చిన తరువాతనే కలం కదిలింది. సున్నకూ ఏడుకూ ఉన్న దూరం, ఏడుకూ ఏడు లక్షలకూ ఉన్న దూరం కన్న ఎక్కువ.

మన అలంకారికులు భయానకాన్ని నవరసాలలో ఒకటిగా లెక్కించారు. రసం పుట్టేది కాగితం మీద కాదు, సహృదయుని మనసులో అని కూడా వారు చెప్పారు. ఒంటరిగా అనుభవించే భయం బాధ మాత్రమే. దానిని కథగా కూర్చి మరొకరికి చెప్పి, విన్నవాని ఒళ్లు గగుర్పొడిచినప్పుడు అది రసమవుతుంది. చెప్పినవానికి కూడా కొంత బరువు దిగుతుంది. రాత్రి వెన్నెలలో అరుగుమీద కూర్చుని దయ్యాల కథలు చెప్పుకొనే పిల్లలకు ఈ రహస్యం తెలుసు. కథ చెప్పేవాడు కూడా ఒంటరిగా ఇంటికి పోవడానికి జంకుతాడు. అయినా మరునాడు మళ్లీ అందరూ చేరుతారు.

చిన్నపత్రికల ఆ లోకం లవ్‌క్రాఫ్ట్‌కు కథలనే కాదు, మనుషులను కూడా ఇచ్చింది. ఇల్లు కదలని మనిషి సభలకు ప్రయాణం కట్టాడు. 1921లో బోస్టనులో జరిగిన ఔత్సాహిక పత్రికల సభలో సోనియా గ్రీన్‌ను కలుసుకొన్నాడు. ఆమె యూదు స్త్రీ, వలస వచ్చిన కుటుంబంలోనిది. ఆమె కూడా ఒక పత్రిక నడిపింది. 1924లో వారికి వివాహమైంది. ఆ సంసారం ఎక్కువకాలం నిలవలేదు. కాని చిన్నపత్రికల వల్ల కుదిరిన ఎన్నో స్నేహాలు చివరిదాకా నిలిచాయి. 1914లో తాను బతికి ఉన్నా మొక్కలాగ పడి ఉన్నవాడినని, ఈ సంఘమే తనకు లోకాన్ని చూపించిందని ఆయన 1921లో ఒక వ్యాసంలో కృతజ్ఞతతో రాసుకొన్నాడు.

1923 మార్చిలో భయానక కథలకోసమే ‘వియర్డ్ టేల్స్’ అనే పత్రిక వెలువడింది. మిత్రుల ప్రోద్బలంతో లవ్‌క్రాఫ్ట్ దానికి అయిదు కథలు పంపాడు. వరుసల మధ్య ఎడం ఇచ్చి మళ్లీ టైపు చేసి పంపమన్నాడు సంపాదకుడు. టైపు చేయడమంటే లవ్‌క్రాఫ్ట్‌కు తలనొప్పి. అయినా ‘డేగన్’ను మళ్లీ టైపు చేశాడు. అది అక్టోబరు సంచికలో వచ్చింది. ఈసారి డబ్బు ముట్టింది. 1926లో ఆయన రాసి, 1928లో ఆ పత్రికలోనే అచ్చయిన ‘ది కాల్ ఆఫ్ కథుల్హూ’ కథలో కూడా సముద్రగర్భం పైకి లేస్తుంది, నిద్రించే మహాకాయం కదులుతుంది. ఏథోల్ పట్టణంలోని చిన్నపత్రికలో నాటిన విత్తనమే అక్కడ మానయింది.

చిన్నపత్రికలకు పరిమితులూ ఉన్నాయి. అవి అన్నం పెట్టవు. 1928లో కుక్ తన మిత్రుని కథ ఒకటి పుస్తకంగా వేయాలని సుమారు 300 ప్రతుల కాగితాలు అచ్చు వేశాడు. కష్టాలు చుట్టుముట్టడంతో వాటికి బైండు కట్టించలేకపోయాడు. లవ్‌క్రాఫ్ట్ బతికి ఉండగా పుస్తకరూపంలో వచ్చిన ఆయన కథ ఒక్కటే. అదీ 1936లో ఒక చిన్న ముద్రాపకుడు వేసినదే. నిండా అచ్చుతప్పులు. 1937 మార్చి 15న లవ్‌క్రాఫ్ట్ పేదరికంలోనే మరణించాడు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లు. రెండేళ్ల తరువాత ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపిన ఇద్దరు మిత్రులు, ఏ ప్రచురణకర్తా ముందుకు రాకపోవడంతో, తామే సంస్థ పెట్టి ఆయన కథలను పెద్ద సంపుటంగా తెచ్చారు. 2005లో అమెరికా మహారచయితల వరుసలో ఆయన సంపుటం కూడా చేరింది.

కుక్‌కు ఇదంతా ముందుగా తెలియదు. నలుగురు చదవదగిన కథ ఒకటి చేతికి వచ్చిందనే ఆయన అనుకొని ఉంటాడు. అంతమాత్రానికే సీసపు అక్షరాలను ఏరి పేర్చాడు, కాగితం కొన్నాడు, తపాలా బిళ్లలు అంటించాడు. గోడపత్రికకు తోటి విద్యార్థి కథను అందంగా తిరగరాసి అంటించే పిల్లలు కూడా ఆ పనినే చేస్తున్నారు. రాసినవాని పేరు లోకానికి తెలియవచ్చు, తెలియకపోవచ్చు. ఆ కథ మాత్రం పెట్టె అడుగున చెదలు పట్టకుండా ఒకరి కంటబడుతుంది.